కంకిలోని తీపి – కాయకములోని సత్యము



కాయకమను మాటను శరణులు లోకమునకు ప్రసాదించి ఎనిమిది శతాబ్దములు దాటినది. నేడు ఆ మాట వినని వీరశైవ గృహము లేదు. పిల్లల పాఠములలోను, సంఘ భవనముల గోడలమీదను, జయంతి ఉత్సవముల ఉపన్యాసములలోను అది వినబడుచునే యున్నది. కాని మిక్కిలి వాడుకలో నున్న మాటకు ఒక ఆపద కలదు. నిత్యము తోమెడి ఇత్తడి చెంబుమీద చెక్కించిన పేరు క్రమముగ అరిగిపోయినట్లు, నిత్యము పలికెడి మాటకు అర్థము అరిగిపోవును.

ఒడలు వంచి చేయు ప్రతి పనియు కాయకమేయని కొందరు తలంతురు. అట్లైనచో రాత్రియంతయు మేల్కొని గోడకు కన్నము వేయువాడును కష్టజీవియే గదా! వాని చెమటయు చెమటయే. అయినను వాని పనిని కాయకమని ఎవ్వరును అనరు. కావున కష్టము మాత్రమే కాయకము కాదు. ఆ కష్టమునందు సత్యముండవలెను. దానివలన పరులకు హాని కలుగకూడదు. దాని ఫలము దాసోహమునకు మరలవలెను. ఈ గుణములున్నప్పుడు శరీరశ్రమ శివపూజ యగును. అట్టి పనియందే కైలాసము కలదని శరణులు బోధించిరి. ఇవి లోపించినప్పుడు అది పొట్టకూటి పాటు మాత్రమే.

ఈ సత్యమును గ్రంథములలో వెదకుటకంటె చేనిలో వెదకుట మేలు. ఒకటి రెండెకరముల భూమి గల కుటుంబము తీపి మొక్కజొన్నను పండించి తానే అమ్ముకొను విధమును పరిశీలింపుడు. పట్టణములలో దీనినే స్వీట్‌కార్న్ అందురు. పంట చిన్నది, మూడు నెలలలోపుననే చేతికి వచ్చును. అయినను కాయకము ఎచ్చట నిలుచునో, ఎచ్చట జారిపోవునో ఈ పంట చూపినంత స్పష్టముగ చూపునవి అరుదు.

ముడుతలు పడిన విత్తు

బసవేశ్వరుని కాలమున భారతదేశపు కర్షకుల చేలలో జొన్న, సజ్జ, కొర్ర వంటి ధాన్యములుండెను గాని మొక్కజొన్న లేదు. మాదర చెన్నయ్య శివునకు అర్పించిన అంబలి కథను పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున చెప్పెను. ఆ అంబలి కాలమునకు మొక్కజొన్న ఇంకను సముద్రమున కావలనే యుండెను. అది పుట్టినది మెక్సికో దేశమున. అచ్చటి ప్రజలు సుమారు 9,000 సంవత్సరముల క్రిందట ఒక అడవి గడ్డిని తరతరములుగ ఎంపిక చేసి దీనిని సాధించిరి. 1492లో కొలంబసు అమెరికా చేరిన పిమ్మటనే ఇది ఇతర ఖండములకు వ్యాపించెను. తెలుగువారి ముంగిటకు వచ్చినప్పుడు వారు దీనిని పరాయిదానిగ చూడక, తమ జొన్న పేరునే దీనికి నిచ్చి ఇంటిలో చేర్చుకొనిరి. తెలంగాణమున దీనిని మక్కజొన్న యనియు, మక్కలనియు పిలుతురు.

సామాన్యమైన మొక్కజొన్న గింజ ముదిరిన కొలదియు తనలోని చక్కెరను పిండిపదార్థముగ మార్చుకొనును. అందుచేతనే అది గట్టిపడి గటకకును, రొట్టెకును, కోళ్ళ దాణాకును పనికివచ్చును. తీపి మొక్కజొన్నలో ఒక జన్యువునందలి మార్పువలన ఈ క్రియ కుంటుపడినది. చక్కెర చాలవరకు చక్కెరగనే నిలిచిపోవును. ఉత్తర అమెరికాలోని ఇరోక్వా ప్రజలు 1779 నాటికే ఇట్టి తీపి కంకులను పండించుచుండిరని చరిత్ర చెప్పుచున్నది. 1950వ దశకమున ఇల్లినాయి విశ్వవిద్యాలయమునకు చెందిన జాన్ లాఫ్నన్ అను శాస్త్రజ్ఞుడు, గింజ ఎండినప్పుడు కుంచించుకొనిపోవు మరియొక రకమును పరిశీలించి, అందు చక్కెర మరింత అధికముగ నున్నదని గుర్తించెను. నేడు విపణిలోనున్న అధిక తీపి రకములలో అనేకము ఆ మార్గమున వచ్చినవే. హైదరాబాదునందలి పరిశోధనవలన మాధురి, ప్రియ అను తీపి రకములు తెలుగు రైతులకు లభించెను.

ఈ విత్తనమును మొదటిసారి అరచేత పట్టి చూచినవాడు ఇది పుచ్చినదేమోయని శంకించును. నిండుగ, నిగనిగలాడు మక్క గింజవలె గాక ఇది బక్కచిక్కి ముడుతలు పడియుండును. కడుపులో పిండి తక్కువగుటచే మొలకకు పుట్టింటి సారె తక్కువ. అందుచేత దీనిని లోతుగ పాతిపెట్టరాదు. నేల వెచ్చగ నుండవలెను, తడి సమముగ నుండవలెను, నీరు నిలువరాదు. ఇంతటి బలహీనమైన విత్తులోనుండియే అంతటి తీపి పుట్టుచున్నది. రూపమునుబట్టి, పుట్టుకనుబట్టి మనుష్యుని కొలువవలదని శివాచారము విధించుచున్నది. ఇష్టలింగమును ధరించినవారి నడుమ హెచ్చుతగ్గులు లేవని పలుకుచునే, పంక్తిలో కూర్చుండినప్పుడు ప్రక్కవాని వంశమును మెల్లగ విచారించువారు ఒకసారి ఈ విత్తును చేతిలోనికి తీసికొని చూచుట మంచిది.

పొరుగు చేను

మొక్కజొన్న కంకి కొనను వ్రేలాడు పీచును పిల్లలు మీసమనుకొని ఆడుకొందురు. ఆ పీచులో ఒక్కొక్క పోగు ఒక్కొక్క గింజకు చెందినది. మొక్క శిరస్సుననున్న జల్లునుండి పుప్పొడి గాలికి రాలి ఆ పోగును తాకినప్పుడే ఆ గింజ కట్టును. తాకని పోగుకు గింజ లేదు. అచ్చట బోసినోటివలె ఖాళీ మిగులును. అందుచేతనే దీనిని గట్టు వెంబడి ఒకటి రెండు పొడవైన సాళ్ళుగ నాటరాదు. నాలుగైదు సాళ్ళకు తక్కువ గాకుండ ఒక మడివలె దగ్గరగ నాటినప్పుడే ఒకదాని పుప్పొడి మరియొకదానికి అంది కంకి నిండును. ఒంటరిగ నిలిచిన మొక్క ఎంత ఏపుగ పెరిగినను దాని కంకి సగము బోడియే. అనుభవమంటపమున శరణులు కూడి కూర్చుండుటలోని మర్మమును ఎరుగగోరువారికి ఈ ఒక్క కంకి చాలును.

గాలికి గట్టులు లేవు. పొరుగువాని చేనిలో దాణా మొక్కజొన్న అదే వేళకు పూతకు వచ్చినచో, ఆ పుప్పొడి వచ్చి తీపి కంకి పీచుమీద వ్రాలును. వ్రాలిన చోట గింజ ఆ పంటలోనే పిండిగింజగ మారును. రైతు మంచి విత్తనమే కొనియుండును, ఎరువును నీరును లోపములేకుండ ఇచ్చియుండును. అయినను కంకి కొరికినవాడు తీపి లేదని మొగము చిట్లించును. దీనికి మందు లేదు. రెండు చేలకును కొన్ని వందల మీటర్ల ఎడముండవలెను. లేదా రెండింటి పూతకు రెండు మూడు వారముల తేడా ఉండునట్లు విత్తుకొనవలెను.

ఒకటి రెండెకరముల రైతుకు వందల మీటర్ల ఎడము ఎచ్చటనుండి వచ్చును? అతనికి మిగిలిన దారి ఒక్కటే. విత్తుటకు ముందే పొరుగువాని అరుగుమీదికి పోయి కూర్చుండి, “అన్నా, నీవు మక్కలు ఎప్పుడు విత్తుదువు? నేను ముందు విత్తుదునా, వెనుక విత్తుదునా?” అని అడుగవలెను. గట్టు తగవుతో మాటలు నిలిచిపోయిన ఇంటికి ఇట్లు పోవుట తేలికగాదు. అహంకారము గడపకడ్డముగ నిలుచును. కాని భృత్యాచారమనగ మఠమున సాగిలపడుట మాత్రమే కాదు. తన పంట తీపి తన చేతిలో మాత్రమే లేదని గ్రహించి, పొరుగువాని ముంగిట వినయముగ నిలువగలుగుటయు భృత్యాచారమే.

ఆకు సుడిలోని పురుగు

2018లో కర్ణాటక రాష్ట్రమున మొదటిసారిగ కనుగొనబడిన కత్తెర పురుగు, అనతికాలముననే తెలుగు నేలమీది మొక్కజొన్న చేలకును వ్యాపించెను. ఇది లేత ఆకు సుడిలో దాగి, పగటివేళ ఎక్కువగ కానరాక, ఆకులను జల్లెడవలె చేయును. తుదకు కంకిలోను దూరును. దాణా పంటలో కొంత పురుగు తిన్నను రాశిలో కలిసిపోవును. తీపి కంకి అట్లు కాదు. కొనువాడు పొర విప్పి చూచును. కొనయందు పురుగు కనబడినచో కంకిని బండిమీదనే వదలిపోవును.

ఉదయముననే చేనిలో తిరిగి ఆకులమీది గ్రుడ్ల సముదాయములను ఏరి నలిపివేయుట, వేపగింజల కషాయము చల్లుట, సుడిలో పొడి ఇసుక వేయుట మొదలైనవి తొలి దశలో ఉపకరించు పనులు. ఇవి ఓపికతోడి పనులు. పురుగు మితిమీరినప్పుడు మందు పిచికారి చేయక తప్పదనుకొందము. అప్పుడు కాయకమునకు అసలు పరీక్ష వచ్చును. మందు కొట్టిన పిమ్మట ఎన్ని దినములు గడిచిన తరువాత కోయవలెనో డబ్బామీద వ్రాసియుండును. పచ్చికంకిని కోసిన దినముననే జనులు ఉడికించుకొని తిందురు. పిల్లలు ముందుగ తిందురు. గడువు తీరుటకు ఇంకను నాలుగు దినములున్నవి. కంకి నేడే కోతకు వచ్చినది. బజారులో నేడు ధర బాగున్నది. ఆ నాలుగు దినముల సంగతి రైతునకును లింగమునకును తప్ప మూడవవానికి తెలియదు.

ఈ పంటలోని ధర్మసూక్ష్మమంతయు ఇచ్చటనే యున్నది. కొనువాడు చూడగలిగినది పై పొర మాత్రమే. చూడజాలనిది చాల ఉన్నది. సత్యము నివసించుచోటు ఆ చూడజాలని భాగమే.

తీపికి గడువు

పీచు పుట్టిన సుమారు 18 నుండి 22 దినములకు కంకి కోతకు వచ్చును. పీచు గోధుమవన్నె తిరిగి ఎండును. కంకి కొనవరకు నిండి చేతికి బరువుగ తగులును. గింజను గోటితో గ్రుచ్చినప్పుడు పాలవంటి రసము రావలెను. నీరువలె వచ్చినచో తొందరపడినట్లు. పిండిముద్దవలె వచ్చినచో ఆలసించినట్లు. ఈ రెంటికి నడుమ గల మంచి గడువు కొద్ది దినములే. ఎండ తీవ్రముగ నున్న కాలమున ఆ గడువు మరింత కుంచించుకొనును.

సాలుకు సాలుకు 75 సెంటీమీటర్లు, మొక్కకు మొక్కకు 20 సెంటీమీటర్లు ఎడమిచ్చి నాటినచో ఎకరమునకు సుమారు 27,000 మొక్కలు పట్టును. అమ్ముటకు తగిన కంకి సామాన్యముగ మొక్కకు ఒక్కటే. నష్టపోయినవి పోగా మిగిలిన వేల కంకులు ఒక్కసారిగ పాలుపోసికొన్నచో ఒక్క కుటుంబము వాటిని కోయజాలదు, అమ్మజాలదు. తెలిసిన రైతు ఎకరమును నాలుగు భాగములుచేసి, పది దినములకొక భాగము చొప్పున విత్తును. అప్పుడు ఒక్కొక్క భాగమున ఆరేడు వేల మొక్కలుండును. కోతయు, బజారును, ఇంటివారి రెక్కలును ఒకదానికొకటి సరిపోవును.

కోయుటతో తొందర తీరదు, అప్పుడే మొదలగును. కంకి మొక్కనుండి విడిపోయిన తరువాతను ప్రాణముతోనే యుండును. తనలోని చక్కెరను తానే ఖర్చుచేసికొనుచు, కొంత పిండిగ మార్చుకొనుచు పోవును. వెనుకటి సామాన్యపు తీపి రకములు 30 డిగ్రీల వేడిలో ఒక్క దినమునకే తమ చక్కెరలో సగమువరకు కోల్పోవును. నేటి అధిక తీపి రకములు నెమ్మదిగ తగ్గునుగాని, వానికిని తేమ ఆరి, రుచి చప్పబడుట తప్పదు. మంచువంటి చల్లదనమున నిలువ చేసినచో ఈ మార్పు మందగించును. అట్టి సదుపాయము చిన్నరైతుకు అరుదు. తెల్లవారుజామున, చేను చల్లగనున్నప్పుడే కోసి, నీడలో తడిగోనె కప్పి, ఆ పూటనే అమ్ముట అతనికి గల ఉపాయము.

నిన్నటి కంకియు నేటి కంకియు పై పొరలు విప్పకముందు చూచుటకు ఇంచుమించు ఒక్కటే. నీళ్ళు చిలుకరించినచో నిన్నటిదియు నేటిదివలె పచ్చగ మెరయును.

రహదారి ప్రక్కన ఒక దృష్టాంతము

జహీరాబాదు ప్రాంతమున రహదారికి చేరువగ భూమి గల ఒక శరణ కుటుంబమును మనస్సున నిలుపుకొనుడు. తండ్రి, తల్లి, చదువు ముగించిన కుమారుడు. బోరుబావి క్రింద ఎకరము తీపి మొక్కజొన్న. హైదరాబాదునుండి ముంబయికి పోవు రహదారి ప్రక్కన వారి బండి. అదే రహదారి హుమ్నాబాదు దాటి బసవకల్యాణమునకు చేరువగ పోవును. ఎకరమంతయు ఒక్కమారే విత్తిరి; కంకులన్నియు ఒక్కమారే వచ్చినవి. ఒకనాటి సాయంకాలమునకు మూడువందల కంకులు అమ్ముడుపోక మిగిలెను. మరునాడు ఉదయము క్రొత్తగ కోసిన కంకులు బండిమీదికి వచ్చెను. కుమారుడు పాతవానిని క్రొత్తవానితో కలుపబోయెను.

తండ్రి చూచి, “నిన్నటివి వేరుగ పెట్టుము” అనెను.

“నాయనా, కారు ఆపి కొనువాడు మరల ఈ దారిని వచ్చునా? వచ్చినను ఏది ఏనాటిదని ఎవ్వనికి తెలియును? చెడిపోయినది అమ్ముట లేదు గదా, కొంచెము తీపి తగ్గినది, అంతియే. ఈ నెల బ్యాంకు కిస్తీ కట్టవలసియున్నది” అని కుమారుడు పలికెను.

తండ్రి బదులు చెప్పలేకపోయెను. కిస్తీ మాట నిజమే. కుమారుడు దుర్మార్గుడు కాడు. ఇంటి భారమును తన భుజముమీద వేసికొన్నందుననే ఆ మాట అతని నోట వచ్చినది.

అప్పుడు తల్లి, “బిడ్డా, కొన్నవానికి తెలియదు, నిజమే. కాని రాత్రి అన్నము నేను లింగమునకు చూపవలెను గదా. ఏ కంకి పైకముతో వచ్చిన అన్నమని నాకు తెలియును. తెలిసి ఎట్లు చూపుదును?” అనెను.

రాశులు రెండైనవి. అడిగిన ప్రతివానికిని, “ఇవి నేటి తెల్లవారినవి, అవి నిన్నటివి, సగము ధర” అని చెప్పిరి. కొందరు సగము ధరకు కొనిరి. నిన్నటి సరకును బండిమీద పెట్టుకొన్నవారి నేటి సరకును నమ్ముటెట్లని కొందరు ముందునకు సాగిపోయిరి. సాయంకాలమునకు నిన్నటివి నూటికి పైగ పశువుల దొడ్డి చేరినవి. ఆ నెల కిస్తీలో కొంత తక్కువపడినది. దానికొరకు తల్లి దాచుకొన్న సొమ్ము ఖర్చైనది.

సత్యము పలికినవెంటనే వర్తకము రెట్టింపయ్యెనని ఈ దృష్టాంతమును ముగించుట సులభము. కాని జీవితము ఎల్లప్పుడు అట్లు నడువదు. సత్యమునకు వెల కలదు. ఆ వెలను సత్యవంతుడే చెల్లించుచుండును. లాభము వచ్చునని సత్యమును పలుకువాడు లాభమునకే భక్తుడు. నష్టము వచ్చునని తెలిసియు పలుకువాడు లింగమునకు భక్తుడు. అయినను ఆ నష్టము ఆ కుటుంబమునకు ఒక పాఠము నేర్పినది. తరువాతి పంటను వారు నాలుగు భాగములుగ విత్తిరి. ముందునాడే ఎవరెవరికి ఎన్ని కావలెనో అడిగి, అంత మేరకే తెల్లవారి కోసిరి. అబద్ధము అవసరము కాకుండునట్లు పనిని దిద్దుకొనుటయు కాయకములోని భాగమే. ప్రతి దినమును పరీక్షకు నిలుచుటకంటె, పరీక్ష వచ్చు దారిని ముందే మూసివేయుట వివేకము.

లక్కమ్మ మాట, చందయ్య త్రాడు

ఆ తల్లి పలుకులలో వినబడినది శరణుల కాలపు స్వరమే. ఆయ్దక్కి మారయ్య కల్యాణమున నేలరాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట కాయకముగ గలవాడు. ఒకనాడు అతడు నిత్యముకంటె అధికముగ బియ్యము తెచ్చెను. దొంగిలించినది కాదు, ఎవ్వరిని మోసగించినది కాదు. అయినను అతని భార్య లక్కమ్మ దానిని చూచి సంతోషింపలేదు. దినమునకు వలసినదానికి మించినది ఆశకు గుర్తని చెప్పి, ఎచ్చటిది అచ్చటనే విడిచిరమ్మని పంపెను. బీదతనము వారి ఇంట నుండెను గాని వారి మనస్సున లేదు.

నులియ చందయ్య గడ్డిని కోసి త్రాళ్ళు పేని అమ్మి, ఆ పైకముతో జంగమదాసోహము నడపెడివాడు. అతని త్రాటికి తగిన వెలకు మించి ధనము లభించినప్పుడు అతడు దానిని అంగీకరింపలేదని శరణుల చరిత్ర తెలుపుచున్నది. త్రాటికి ఎంత వెలయో అంతయే అతనిది. నేటి అంగడిలో ఈ మాట వింతగ తోచును. కాని కంకి అమ్మువానికి దీని భావము సులభముగ తెలియును. నేటి కంకికి నేటి వెల, నిన్నటి కంకికి నిన్నటి వెల. నిన్నటిదానికి నేటి వెల పుచ్చుకొన్నచో, నడుమనున్న తేడా కాయకమువలన వచ్చినది కాదు. కొనువాని తెలియనితనమునుండి తీసికొన్నది.

దాసోహమునకు ఏ కంకి?

పంట వచ్చినప్పుడు మఠమునకు కంకులు పంపుట అనేక కుటుంబములలో ఆచారము. ఇచ్చటను ఒక సూక్ష్మము కలదు. అమ్మగా మిగిలినవానిని, మరునాటికి ఎవ్వరును కొనరని తెలిసినవానిని బస్తాకెత్తి మఠమునకు పంపుట దాసోహము కాదు, అది దులుపుకొనుట. దాసోహమనగ ‘నేను దాసుడను’ అను భావము. దాసుడు ఏలికకు చద్దిని పంపడు. పది కంకులైనను సరే, తెల్లవారి కోసిన మొదటి గంపలోనివి పంపినప్పుడే అది అర్పణమగును. మఠముల పంక్తులలో అన్నమునకై కూర్చుండు విద్యార్థి బాలురు తాము తినునది ఏనాటిదో అడుగజాలరు. అడుగజాలనివానికి మేలైనది పెట్టుటయే దాసోహము. తుమకూరు సిద్ధగంగా మఠమున డా. శివకుమార స్వామివారు 2019లో లింగైక్యమగువరకు దశాబ్దముల తరబడి వేలాది బాలురకు అన్నమును, అక్షరమును కులమత భేదము లేక ప్రసాదించిరి. అట్టి పంక్తికి పోవు గంపలో నిన్నటి కంకి ఉండదగునా?

దాసోహము మఠముతోనే మొదలుకాదు. చీకటియుండగనే వచ్చి మంచుతో తడిసిన ఆకుల నడుమ కంకులు విరుచు కూలివాండ్రలో స్త్రీలే ఎక్కువ. మొక్కజొన్న ఆకు అంచు చేతులను గీరును. వారి కూలిని ఆ దినముననే, ఆ పూటనే, బేరము లేక చెల్లించుట కాయకధర్మములో మొదటి మెట్టు. సరకు అమ్ముడుపోలేదని వారి కూలిని వాయిదా వేయువాడు తన నష్టమును తనకంటె బీదవారి వీపుమీదికి ఎత్తుచున్నాడు. ఇంటికి పోవునప్పుడు వారి పిల్లలకు నాలుగు కంకులు ఒడిలో పెట్టుట ధర్మమునకు అందము. కోత ముగిసిన పచ్చి చొప్ప పశువులకు మేలైన మేత. తనకు చాలగా మిగిలినదానిని మేతలేని పొరుగువానికి ఇచ్చుటయు దాసోహమే.

కొనువాని ధర్మము

అమ్మువానికి ధర్మము చెప్పి కొనువానిని విడిచిపెట్టుట న్యాయము కాదు. బండియొద్ద నిలిచి పది కంకుల పొరలు విప్పి, పీచు పీకి, గోటితో గింజలు గ్రుచ్చి, తుదకు రెండు కంకులు కొని పోవువారు ఎందరో కలరు. పొర విప్పిన కంకి త్వరగ ఆరిపోవును. గోరు గ్రుచ్చిన గింజ చెడును. తాను కొనని ఎనిమిది కంకుల నష్టమును రైతు తలకు చుట్టి అతడు దారిన పోవుచున్నాడు. పెద్ద అంగడిలో వెల చీటి చూచి నోరెత్తక చెల్లించువాడే రహదారి ప్రక్క రైతుతో రూపాయికై వాదించును. నిజము చెప్పి సగము ధరకు అమ్ముచున్నవానిని చూచి, మంచిదానిని గూడ సగము ధరకే ఇమ్మని అడుగువాడు, ఆ రైతుకు అబద్ధమును నేర్పు గురువగుచున్నాడు. సత్యము బ్రదుకవలెనన్నచో దానిని కొనువారును ఉండవలెను.

మఠములును, సంఘములును ఈ విషయమున చేయదగినది కలదు. జాతరలకు, జయంతులకు, విద్యార్థి నిలయములకు వలసిన కూరగాయలను, కంకులను ముందుగ చెప్పి సమీపమునందలి చిన్న రైతుల యొద్దనే తగిన వెలకు కొనవచ్చును. ముందుగ తెలిసినచో రైతు అంత మేరకే విత్తును, అంత మేరకే కోయును. అతని యింట మిగులును ఉండదు, ఆ మిగులు కలిగించు ప్రలోభమును ఉండదు. బీదవానికి ‘సత్యము పలుకుము’ అని ఉపదేశించుటతోపాటు, సత్యము పలికినను అతని పొయ్యి ఆరకుండ చూచుట గణాచారము. సమాజము తన బాధ్యతను నెరవేర్చక వ్యక్తిని మాత్రమే నిందించుట శరణుల మార్గము కాదు.

కంకి తన తీపిని దాచుకొనజాలదు. కోసిన క్షణమునుండి అది తరుగుచునే యుండును. మనుష్యుని ఆయువును అట్టిదే. రేపు చేయుదమనుకొన్న దాసోహము, రేపు పలుకుదమనుకొన్న సత్యము, రేపు తీర్చుదమనుకొన్న కూలి – ఇవన్నియు గోనె క్రింద నిలువచేసిన కంకులవంటివే. పై పొర పచ్చగనే కనబడును. లోపలి తీపి పోవుచుండును. లింగమునకు నేటి కంకినే, నేటి సత్యమునే అర్పించెడు గృహములయందు కాయకము వర్ధిల్లుగాక.